నేను ఆపమన్న ఊపిరి

నాకు ముక్కు మీద కోపం. చిన్నప్పటి నుంచీ అంతే. అన్నంలో రాయి తగిలితే కంచం తోసేసే రకం. పాలవాడు పది నిమిషాలు ఆలస్యమైతే గేటు దగ్గర అటూ ఇటూ పచార్లు చేసే రకం. కూర్చోమంటే కూర్చోలేను, నుంచోమంటే నుంచోలేను, కాలు కాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంటాను. ఈ నాలుగు ముక్కలు రాయడానికి కూర్చున్నాక కూడా, స్టవ్ మీద ఏమీ లేకపోయినా, రెండుసార్లు వంటింట్లోకి వెళ్ళి వచ్చాను. అలాంటి నన్ను, తొంభైల్లో, భిలాయిలో ఒక చిన్న బడిలో, పిల్లలకి ఊపిరి పీల్చడం నేర్పమన్నారు. విన్నవాళ్ళు నవ్వారు. మా ఆయనైతే "నీకా?" అని ఒక్క మాట అని పేపర్లో తల దూర్చేశాడు. ఆ మాటకి నేను రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఇప్పుడు దీనికి మైండ్‌ఫుల్‌నెస్ అని పేరు పెట్టి పెద్ద బళ్ళలో నేర్పుతున్నారట. అప్పట్లో మాకు అంత పేరు లేదు. "సాఁస్ వాలీ క్లాస్" అనేవాళ్ళు పిల్లలు. ఊపిరి క్లాసు అన్నమాట.

మాది ఐదో తరగతి దాకా ఉన్న హిందీ మీడియం బడి. సగం మంది పిల్లలు తెలుగువాళ్ళే. తాతలో తండ్రులో శ్రీకాకుళం, విజయనగరం నుంచి ఉక్కు ప్లాంటు పనికి వచ్చి సెక్టర్లలో స్థిరపడినవాళ్ళు. ఆ పిల్లలు హిందీలో ఆడుకునేవాళ్ళు, హిందీలో కొట్టుకునేవాళ్ళు, దెబ్బ తగిలితే మాత్రం తెలుగులో ఏడ్చేవాళ్ళు. హెడ్మిస్ట్రెస్ జబల్పూర్ ఆవిడ. ఆవిడని అందరం బడీ మేడమ్ అనేవాళ్ళం. తెలుగు ఒక్క ముక్క రాదు. మంచిదే కానీ మాటంటే మాటే.

ఆ ఏడు బడి తెరిచిన మొదటి నెలలోనే రెండో తరగతి పిల్ల ఒకతి, పక్క బెంచీ పిల్ల నుదురు స్టీలు టిఫిన్ డబ్బాతో పగలగొట్టింది. రెండు కుట్లు పడ్డాయి. అంతకు ముందు ఇద్దర్ని కొరికింది, ఒకడి చొక్కా చింపింది. ఏడేళ్ళది, బక్క పలచగా, రెండు జడలు, ఎడమ కాలి మేజోడు ఎప్పుడూ జారిపోయి ఉండేది. దాని క్లాసు టీచర్ని నేనే. మా వీధిలోనే, సెక్టర్ 2లో, మా క్వార్టర్ల లైనుకి ఎదురు లైన్లో వాళ్ళ ఇల్లు. ఎందుకు కొట్టావే అంటే నేల చూపులు చూసేది తప్ప నోరు విప్పేది కాదు. నేను చెవి మెలిపెట్టాను కూడా. అబద్ధమెందుకు, ఆ రోజుల్లో నా చేతికి పిల్లల చెవులు బాగా అలవాటు.

బడీ మేడమ్ తల్లిని పిలిపించి, "దశహరే తక్ దేఖ్ లేతే హై," అంది. దసరా దాకా చూస్తాను, అప్పటికీ ఇలాగే ఉంటే టీసీ ఇచ్చి పంపేస్తానని. తల్లి ఆవిడ ముందు తలూపి, బయటికి రాగానే నా చెయ్యి పట్టుకుంది.

"మీరే ఏదో ఒకటి సెయ్యాలి టీచరమ్మా. టీసీ ఇచ్చీస్తే ఇంక నేనేటి సేసీది? మా అన్న దసరాకి ఊరెల్తన్నాడు. టెక్కలి దగ్గిర మాయమ్మ ఒక్కర్తే ఉంటాది. గుంటని అక్కడ ఒగ్గీస్తాను."

"దాని నాన్నకి చెప్పారా?"

"ఆయనకి తెలిస్తే నిద్దర పట్టదు. నిద్దర్లేకుండా డూటీకెల్తే, అది ఫర్నేసు కాడ పని. ఏటైనా అయితే?"

పక్కనే ఆ పిల్ల తల్లి కొంగు పట్టుకుని అంతా వింటోంది. మర్నాడు బడి నుంచి వస్తుంటే దారిలో నా వెనకాలే నడిచి, మా గేటు దాకా వచ్చాక, "నన్ను ఊరంపొద్దని అమ్మకి సెప్పండి టీచర్. నేను సక్కగా ఉంటాను," అంది. అదే మొదటిసారి అది నాతో తనంతట తాను మాట్లాడటం. అలాగేలే అన్నాను. ఇచ్చేశాను మాట.

సరిగ్గా ఆ వారంలోనే రాయపూర్‌లో టీచర్లకి శిక్షణ అని కాగితం వచ్చింది. పిల్లల మనసు కుదురుగా ఉంచడం ఎలాగో నేర్పుతారట. ఒకావిడ అత్తగారికి బాగులేదంది, ఇంకొకావిడ పరీక్షలంది. చెప్పడానికి నాకు సాకు దొరకలేదు. పోనీ, ఆ పిల్లకి పనికొస్తుందేమోనని వెళ్ళాను.

నేర్పినాయన రిటైరైన డ్రిల్ మాస్టారు. గంటకోసారి దగ్గేవాడు. దగ్గే మనిషి ఊపిరి గురించి చెప్పడమేమిటని మొదటి రోజు నవ్వుకున్నాను. కానీ చెప్పింది తేలిగ్గానే ఉంది. చెయ్యి పొట్ట మీద పెట్టుకోవాలి. నాలుగు లెక్కపెట్టేదాకా పీల్చాలి, రెండు లెక్కపెట్టేదాకా ఆపాలి, ఆరు లెక్కపెట్టేదాకా మెల్లగా వదలాలి. ఆ తర్వాతే అసలు పని అనేవాడాయన. ఒక్కొక్క పిల్లనీ దగ్గర కూర్చోబెట్టుకుని, ఇప్పుడు నీ లోపల ఏముంది, ఎక్కడుంది అని అడగాలి. ఛాతీలో బరువా, కడుపులో తిప్పటమా, చేతుల్లో దురదా. దానికి పేరు పెట్టేదాకా ఆగాలి. కోపమో, భయమో, సిగ్గో, దిగులో. పిల్లలు చాలామందికి అన్నీ కోపంలాగే బయటికొస్తాయి, లోపల వేరేది ఉంటుంది అని చెప్పాడు. ఆ మాట నోట్‌బుక్కులో రాసుకున్నాను కూడా. రాసుకుని, కాళ్ళు పీకుతున్నాయని లేచి వరండాలోకి వెళ్ళిపోయాను. ఏడు రోజుల్లో నేను ఒక్క గంట కూడా నిలకడగా కూర్చుని విన్నది లేదు.

తిరిగొచ్చాక, మధ్యాహ్నం భోజనాల తర్వాత ఇరవై నిమిషాలు ఊపిరి క్లాసు పెట్టారు. నా క్లాసులో నలభై ఇద్దరు. ఊపిరి తీయించాను, ఆపించాను, వదిలించాను. మొదటి బెంచీ వాడిని లేపి, లోపల ఏముందిరా అని హిందీలో అడిగాను. వాడు "భూఖ్," అన్నాడు. ఆకలట. అప్పుడే రెండు డబ్బాలు ఖాళీ చేసిన వాడు. క్లాసంతా పకపకా నవ్వింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇలా నలభై ఇద్దర్ని అడుగుతూ కూర్చుంటే సాయంత్రం బెల్లు కొట్టేస్తారు, లెక్కల పాఠం ఎవరు చెబుతారు? ఆ అడగడం అన్న భాగాన్ని ఆ రోజుతో ఎత్తేశాను. మళ్ళీ దాని జోలికి పోలేదు.

మిగిలింది ఊపిరి. అందులోనూ నాకు నచ్చింది ఆపడం. పీల్చేటప్పుడు ముక్కులు చీదుతారు, వదిలేటప్పుడు కావాలని పాములా బుసలు కొడతారు. ఆపినప్పుడు మాత్రం క్లాసులో చిటుక్కుమంటే వినిపిస్తుంది. ఆ నిశ్శబ్దం నాకు అమృతంలా ఉండేది. రెండు లెక్కపెట్టమన్న చోట నాలుగు చేశాను. నాలుగు ఆరయింది. వినాయక చవితి నాటికి పది దాకా లాగాను. బల్ల మీద వేలితో కొడుతూ, ఒకటి, రెండు, మూడు అని నేనే లెక్కపెట్టేదాన్ని.

ఆ పిల్ల అందరి కంటే బాగా చేసేది. మిగతావాళ్ళు ఏడు దగ్గర బుస్సుమని వదిలేస్తే ఇది పది దాకా కదలకుండా కూర్చునేది. కొట్టడం మానేసింది. కొరకడం మానేసింది. ఎవరైనా జడ లాగితే కళ్ళు మూసుకుని ఊపిరి బిగబట్టేది. బడీ మేడమ్ కిటికీలోంచి చూసి తలూపి వెళ్ళిపోయేది. నేను ఆ పిల్లని చూపించి మిగతావాళ్ళకి సుద్దులు చెప్పేదాన్ని. దాని పిడికిళ్ళు గట్టిగా బిగిసి ఉండటం చూశాను. చూసి ఊరుకున్నాను.

మా లైన్లలో ఒక పద్ధతి ఉండేది, అది చెప్పాలి. నైట్ షిఫ్టు చేసొచ్చిన మనిషి పొద్దున్న పడుకున్నాడంటే ఆ ఇంటి గేటుకి ఒక ఎర్ర గుడ్డముక్క కట్టేవారు. కూరలవాడు ఆ గేటు ముందు అరవడు, సైకిలు దిగి నడిపించుకుపోతాడు. పోస్ట్‌మ్యాన్ ఉత్తరం కింద నుంచి తోసేస్తాడు. ఇంట్లో కుక్కర్ పెట్టరు, విజిల్ వస్తుందని. పప్పు గిన్నెలోనే ఉడకాలి. పిల్లలు బడి లేని రోజు గోడవారగా కూర్చుని చెవుల్లో గుసగుసలాడుకుంటారు. నవ్వొస్తే తలగడలో మొహం పెట్టుకుంటారు. ఏడుపొస్తే పెరట్లోకి పోతారు. మా ఇంట్లోనూ అంతే, మా ఆయనదీ షిఫ్టు పనే. వేడి ఇనుము దగ్గర నిలబడే మనిషి కునుకు తీస్తే ఏమవుతుందో మాలో ప్రతి ఆడదానికీ తెలుసు. అందుకని పిల్లల నోరు మూయించడం మాకు తప్పుగా అనిపించలేదు. అన్నం పెట్టడం ఎలాగో అదీ అలాగే.

ఈ ఊపిరి పాఠం ఆ తల్లులకి తెగ నచ్చింది. పవర్ హౌస్ బజార్లో కూరల దగ్గర నన్ను ఆపి మరీ చెప్పేవాళ్ళు.

"ఏటి నేర్పినారో గానీ టీచరమ్మా, మా గుంటడు పదకొండింటి దాకా కిక్కురుమనడు. ఊపిరి ఆపరా అంటే సాలు."

"మా ఇంట్లో ఫ్యాను సప్పుడు తప్ప ఇంకేటీ లేదండీ."

నన్ను మునగచెట్టు ఎక్కించేశారు. ఒకావిడ గోంగూర కట్ట చేతిలో పెట్టింది. ఇంటికెళ్ళి మా ఆయనకి చెప్పాను, "నీకా అన్నారుగా, చూడండి," అని. ఆయన నవ్వాడు. ఆయన నైట్ షిఫ్టు వారం అది. పక్కింటి పిల్లలు కూడా చప్పుడు లేకుండా ఉంటున్నారు, హాయిగా నిద్ర పడుతోందన్నాడు. నాకు గర్వంగానే ఉంది. కానీ ఆ రోజుల్లో ఎందుకో నాకే నిద్ర సరిగ్గా పట్టేది కాదు. ఏదో మర్చిపోయినట్టు, తాళం వెయ్యకుండా వచ్చేసినట్టు ఒకటే కొట్టుమిట్టాట.

దసరా సెలవులకి నాలుగు రోజుల ముందు బడీ మేడమ్ మా క్లాసుకి వచ్చి వెనక కుర్చీలో కూర్చుంది. ఆ పిల్ల సంగతి తేల్చడానికే వచ్చిందని నాకూ తెలుసు, దానికీ తెలుసు. అది నా వంకే చూస్తోంది. నేను కళ్ళతోనే భయం లేదన్నాను.

ఊపిరి తీయించాను. ఆపమన్నాను. బల్ల మీద వేలు కొడుతూ లెక్క మొదలుపెట్టాను. ఐదు దగ్గర, పక్క పిల్ల దాని పెన్సిలు లాక్కుని రెండు ముక్కలు చేసింది. ఇది కళ్ళు తెరిచి చూసి, మళ్ళీ మూసుకుంది. పిడికిళ్ళు బిగించింది. ఆరు, ఏడు. బడీ మేడమ్ మొహంలో మెప్పు కనిపిస్తోంది. నాకు లోపల పొంగిపోతోంది. ఎనిమిది, తొమ్మిది, పది. అందరూ వదిలారు. అది వదల్లేదు. చాలమ్మా, వదిలెయ్ అన్నాను. వదల్లేదు. మొహం నల్లబడింది, పెదాలు నీలంగా అయ్యాయి, నేను బల్ల దాటి వెళ్ళేలోగా తల వాల్చేసి బెంచీ మీంచి జారి కింద పడింది.

ఒళ్ళో వేసుకుని నీళ్ళు చల్లాను. పొద్దున్నా ఏమీ తినలేదట, మధ్యాహ్నం డబ్బా కూడా ముట్టలేదట. నిమిషంలోనే కళ్ళు తెరిచింది.

"ఎందుకే వదల్లేదు? వదలమన్నాను కదే."

"వొదిలితే అరుపొచ్చీస్తాది టీచర్."

"వస్తే?"

"నాన్న లేస్తాడు."

"నాన్న ఇక్కడ లేడు కదమ్మా. ఇది బడి."

అది నా మొహంలోకి చూసి, చాలా మెల్లగా, ఎవరికీ వినపడకుండా, "లేస్తే సెయ్యి కాలిపోతాది. మల్లీ," అంది.

ఆ "మల్లీ" అన్న మాటతో నాకు తల కొట్టేసినట్టయింది. వేసవిలో వాళ్ళ నాన్నకి ప్లాంటులో చెయ్యి కాలిన సంగతి మా లైన్లో అందరికీ తెలుసు. చేతికి కట్టుతో నెల రోజులు ఇంట్లోనే ఉన్నాడు. దాని తర్వాత బడి తెరిచారు. తర్వాతే ఈ కొట్లాటలు. రెండు నెలల పాటు నలభై సార్లు దాని ఊపిరి ఆపించాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, లోపల ఏముందమ్మా అని అడిగి ఉంటే చెప్పేది. రాయపూర్‌లో ఆ దగ్గు మాస్టారు చెప్పింది అదొక్కటే, నేను వదిలేసింది కూడా అదొక్కటే.

బడీ మేడమ్‌కి ఇవేమీ తెలియవు. మూర్ఛ రోగం ఏమోనని భయపడింది. ఇలాంటి పిల్లని పెట్టుకోలేను, రేపేమైనా అయితే నా మీదికొస్తుంది అంది. ఆఫీసులోకి వెళ్ళి అక్కడికక్కడే టీసీ రాయించింది. తండ్రి వచ్చి సంతకం పెట్టాలి, లేదంటే తల్లి పెట్టినా సరే అంది. తల్లి ఆయనకి చెప్పకుండానే సంతకం పెట్టేస్తుందని నాకు తెలుసు. వాళ్ళ అన్న టికెట్లు తీసేశాడు కూడా.

లెక్కల క్లాసు పక్కావిడకి అప్పజెప్పి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని బయల్దేరాను. ఎండ చురచురలాడుతోంది. నడుస్తున్నానో పరిగెడుతున్నానో నాకే తెలీదు, పిల్ల నా వెనక గునగునా వస్తోంది. వాళ్ళ గేటుకి ఎర్ర గుడ్డ కట్టి ఉంది. తల్లి గుమ్మంలో బియ్యం ఏరుకుంటోంది. నన్ను చూసి చేట పక్కన పెట్టి, గబగబా గేటు దాకా వచ్చి గొంతు తగ్గించి, "ఏటైంది టీచరమ్మా?" అంది.

చెప్పాను. పిల్ల పడిపోయిందనీ, టీసీ రాశారనీ, అది అన్న మాట కూడా చెప్పాను. ఆవిడ మొహం పాలిపోయింది.

"దాన్ని నేనలా అన్లేదండీ." గేటు మీది ఎర్ర గుడ్డ వంక చూసి, "అన్నానేమో. ఆయన కట్టు కట్టుకొచ్చిన దినం. ముందు దినం ఇది బకెట్టు పడీసి అరిసి ఆయన్ని లేపీసింది. నీ నోటి వల్లే నిద్దర్లేక సెయ్యి కాల్సుకున్నాడే అన్నాను. కడుపు మంటలో అన్న మాట. ఒక్కసారే అన్నాను."

"ఆయన్ని లేపండి."

"నైట్ సేసొచ్చినాడు. పొద్దుటి నుంచి ఎండకి నిద్దర పట్టనేదు, ఇప్పుడే పడుకున్నాడు. సాయంత్రం రండి."

"సాయంత్రానికి మీరు సంతకం పెట్టేస్తారు. లేపండి."

"మీరూ షిఫ్టోడి పెళ్ళామే కదా. మీకు తెలీదా?"

తెలుసు. తెలిసే ఆవిణ్ణి పక్కకి నెట్టి తలుపు మీద అరచేత్తో బాదాను. పదిహేనేళ్ళలో ఏ నైట్ షిఫ్టు ఇంటి తలుపూ నేను కొట్టలేదు. ఎదురింటావిడ బయటికి వచ్చి నోటి మీద చెయ్యి వేసుకుంది. పిల్ల నా చీర పట్టుకుని లాగుతోంది, "వద్దు టీచర్, వద్దు టీచర్," అంటూ. నాకు ఏడుపొచ్చేస్తోంది, అయినా కొడుతూనే ఉన్నాను.

తండ్రి లుంగీ సర్దుకుంటూ తలుపు తీశాడు. కళ్ళు ఎర్రగా చింతనిప్పుల్లా ఉన్నాయి. ఎడమ అరచేతి మీద కాలిన మచ్చ గులాబీ రంగులో మెరుస్తోంది. నన్ను చూసి కంగారుపడి, "ఏటి టీచరమ్మా, ఎవులికేటైంది?" అన్నాడు. నేను ఆయన్ని కూర్చోమని కూడా అనకుండా, గుమ్మంలోనే నిలబెట్టి మొత్తం కక్కేశాను. టిఫిన్ డబ్బా సంగతి, టీసీ సంగతి, ఊరికి పంపే సంగతి. ఇవేవీ ఆయనకి తెలియవు. ఒక్కొక్కటీ వింటూ భార్య వంక చూశాడు. చివరికి బకెట్టు సంగతీ, చెయ్యి సంగతీ చెప్పాను. ఈసారి భార్య వంక చూడలేదు. గుమ్మం మీద కూలబడ్డాడు.

మాట్లాడండి అని అరవాలనిపించింది నాకు.

"ఇలా రాయే," అన్నాడు కూతురితో. అది రాలేదు. నా చీర వదల్లేదు. ఆయన అక్కడి నుంచే చెప్పాడు.

"నువ్వు బకెట్టు పడీసిన దినం నేను మల్లీ పడుకున్నానమ్మా. సక్కగా పడుకున్నాను. నిద్దర్లేక కాదు కాలింది. గ్లవ్ తీసి బీడీ ముట్టించుకున్నాను. మల్లీ గ్లవ్ ఏసుకోడం మర్సిపోయి, వట్టి సేత్తో రాడ్ పట్టీసినాను." మచ్చ ఉన్న చేతిని చొక్కా లేని ఒంటికి రుద్దుకున్నాడు. "డూటీలో బీడీ అంటే మీయమ్మ తిడతాది. అందుకని నిద్దర సాల్లేదని సెప్పీసినాను. నీ పేరు నేను సెప్పనేదు. మీయమ్మ దాన్ని నీకు అంటగట్టిందని నాకు తెలవదు."

తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పిల్ల అలాగే నిలబడి ఉంది. నేను దాని మొహమే చూస్తున్నాను. ముందు ఏమీ కనపడలేదు. తర్వాత దాని భుజాలు ఒక్కసారి కిందికి దిగాయి, ఊపిరి వదిలింది. వదిలి, ఒక్క ఉరుకున వెళ్ళి తండ్రి ఛాతీ మీద రెండు పిడికిళ్ళతో బాదడం మొదలుపెట్టింది. కేకలు పెడుతూ, ఏడుస్తూ, తెలుగో హిందీయో తెలియని మాటలతో. లైనంతా వినిపించే అరుపు. చుట్టుపక్కల తలుపులు తెరుచుకున్నాయి.

నేను ఏం చేశానో తెలుసా. నోటి మీద వేలు పెట్టుకుని "శ్‌శ్" అన్నాను. ఇంత చేసి, ఇంత చూసి, అలవాటు కొద్దీ అదే అన్నాను.

"ఒగ్గీండి టీచరమ్మా," అన్నాడు తండ్రి, దాన్ని ఆపకుండా, దెబ్బలు తింటూనే. "అరవనీండి. ఇయ్యాల నేనింక పడుకోను."

ఆయన నిజంగానే పడుకోలేదు. ఆ ఎర్ర కళ్ళతోనే, చొక్కా తొడుక్కుని, భార్యనీ వెంటబెట్టుకుని నాతో పాటు బడికి వచ్చాడు. బడీ మేడమ్‌కి తనకొచ్చిన హిందీలో గ్లవ్ సంగతి, బీడీ సంగతి సిగ్గు విడిచి చెప్పాడు. తల్లి తన మాట చెప్పింది. నేను నా పది లెక్క సంగతి చెప్పాను. తప్పు నాదేనని, ఆ పిల్ల ఉండకపోతే ఊపిరి క్లాసు నేనూ చెప్పనని అన్నాను. కోపంగానే అన్నాను, బతిమాలడం నాకు రాదు. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, మా ముగ్గురి వంకా మార్చి మార్చి చూసింది. టీసీ చించలేదు. సొరుగులో పెట్టి తాళం వేసింది. ఇంకొక్కసారి ఎవరి మీదైనా చెయ్యి ఎత్తిందో, ఈ సొరుగు తెరుస్తాను అంది. ఆ దసరాకి మేనమామ ఒక్కడే ఊరెళ్ళాడు.

సెలవుల తర్వాత క్లాసు మార్చాను. ఆపడం మళ్ళీ రెండు లెక్కకి తెచ్చాను. రోజుకి ఐదుగురినే దగ్గర కూర్చోబెట్టుకుని అడిగేదాన్ని. లెక్కల పాఠం వెనకబడింది. పడితే పడింది. భూఖ్ అన్నవాడు మళ్ళీ భూఖ్ అనే అన్నాడు, సరే ఎక్కడ అని అడిగితే కడుపు చూపించాడు, ఇంకేమైనా ఉందా అంటే, నాన్న తాగి వస్తాడు అన్నాడు. మిగతావాళ్ళెవరూ నవ్వలేదు.

మూడో రోజు ఆ పిల్ల వంతు వచ్చింది. నా ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది. అదే సమయానికి బడీ మేడమ్ రిజిస్టరు పట్టుకుని గుమ్మంలో వచ్చి నిలబడింది. సొరుగు తాళం ఆవిడ నడుం దగ్గరే ఉంటుంది.

"లోపల ఏటుందమ్మా?" అన్నాను, దాని యాసలోనే.

"ఉంది."

"ఏటది?"

అది ఆలోచిస్తోంది. తొందరగా చెప్పవే అన్న మాట నా నాలిక చివరి దాకా వచ్చింది. కాళ్ళు లేచిపోదామంటున్నాయి. పళ్ళు బిగించి కూర్చున్నాను.

"కోపం," అంది.

"ఎవరి మీద?"

"మీ మీద."

క్లాసు గప్‌చుప్. "క్యా బోల్ రహీ హై?" అంది బడీ మేడమ్ గుమ్మంలోంచి, ఏమంటోందని. పిల్ల తెలుగులో చెప్పింది కాబట్టి ఆవిడకి అందలేదు. నేను ఏదో ఒకటి చెప్పి తప్పించొచ్చు. ఆకలేస్తోందట అంటే సరిపోతుంది, ఆవిడ వెళ్ళిపోతుంది. పిల్ల నా వంకే చూస్తోంది, ఏం చెబుతానా అని. ఉన్నదున్నట్టు హిందీలో చెప్పేశాను. నా మీద కోపంగా ఉందట అని.

"ఎందుకమ్మా నా మీద?" అని దాన్ని అడిగాను.

"మీరు పది దాకా లెక్కెట్టినారు. నాకు కళ్ళు సీకటొచ్చీసినాయి. అయినా మీరు ఆపనేదు."

అదీ హిందీలోకి తిప్పాను. ఒక్క ముక్క వదలకుండా. బడీ మేడమ్ రెండడుగులు లోపలికి వేసింది. "గుస్సా హై తో అబ్ క్యా కరోగీ? మారోగీ?" అని సూటిగా పిల్లనే అడిగింది. కోపమొచ్చింది కదా, ఇప్పుడేం చేస్తావు, కొడతావా అని.

పిల్ల తల అడ్డంగా ఊపింది.

"నహీఁ. బోల్ దియా నా," అంది. లేదు, చెప్పేశాను కదా అని.

బడీ మేడమ్ రిజిస్టరు చంకలో పెట్టుకుని పక్క క్లాసుకి వెళ్ళిపోయింది. నా మొహం వేడెక్కిపోయింది. నలభై మంది ముందు ఏడేళ్ళ పిల్ల నన్ను తప్పు పట్టింది, అదీ నిజం చెప్పి. సరే, తర్వాతి వాళ్ళు రండి అన్నాను. అది లేవలేదు.

"మీకేటుంది టీచర్, లోపల?" అని అడిగింది.

ఏమీ లేదు, పో అందామనుకున్నాను. అనలేకపోయాను. "సిగ్గు," అన్నాను. తెలుగులో ఒకసారి, తెలుగు రాని పిల్లల కోసం హిందీలో ఇంకోసారి.